ఖాయమేనా గారి మూడో ప్రశ్న

ఏ పనికైనా సరే, మూడుసార్లు "ఖాయమేనా?" అని అడగనిదే ఆయన చెయ్యి కదిలేది కాదు. రెండుసార్లు అడిగి ఊరుకున్న సందర్భం ఆయన చరిత్రలో లేదు. నాలుగోసారి అడిగిన దాఖలా కూడా లేదు. సరిగ్గా మూడు. అసలు పేరు హాజరుపట్టీలో ఎక్కడో ఉండేది కానీ, రక్తనిధిలో పనిచేసే పద్నాలుగుమందికీ, రక్తం ఇవ్వడానికి వచ్చేవాళ్ళకీ, చివరికి కట్టుకున్న భార్యకి కూడా ఆయన ఖాయమేనా గారే.

ఆయనకి ఉద్యోగాలు రెండు. ముందు గదిలో బల్ల దగ్గర కూర్చుని, వచ్చిన రక్తదాతల పేర్లూ వివరాలూ కంప్యూటర్లో ఎక్కించడం ఒకటి. వెనక గదిలో చల్లగా, గుర్రుమంటూ ఉండే సర్వర్ మంచిచెడ్డలు చూసుకోవడం రెండోది. రెండింటిలోనూ ఒకటే పద్ధతి. మొదటి "ఖాయమేనా" తలెత్తకుండా అడుగుతారు. రెండోది కళ్ళజోడు తీసి అడుగుతారు. మూడోది బల్లమీదికి వంగి, గొంతు బాగా తగ్గించి, ఏదో రహస్యం కనుక్కుంటున్నట్టు అడుగుతారు.

ఒకసారి ఎవరో రాంగ్ నంబర్ చేశారు.

"హలో, డాక్టరుగారి ఇల్లేనాండీ?"

"మీరు డాక్టరుగారి ఇంటికే చేశారా? ఖాయమేనా?"

"అవునండీ."

"నంబరు చూసుకునే నొక్కారా? ఖాయమేనా?"

"అనుకుంటానండీ..."

"అసలు మీక్కావలసింది డాక్టరుగారేనా? ఖాయమేనా?"

ఆ తర్వాత "మా ఆవిణ్ణి అడిగి చేస్తానండీ" అని ఫోను పెట్టేశాడా మనిషి.

ఇంకోసారి బస్సెక్కి, ఇది స్టేషనుకి వెళ్తుందా అని కండక్టర్ని అడిగారు. మూడో "ఖాయమేనా" అయ్యేసరికి వెనక సీట్లోంచి ఇద్దరు దిగిపోయారు. కండక్టరు ముందుకెళ్ళి, "అన్నా, మనం స్టేషనుకే కదా వెళ్తున్నాం?" అని డ్రైవర్ని వాకబు చేశాడు.

నాలుగోసారి ఎందుకు అడగరో కూడా ఆయనే చెప్పేవారు. పెళ్ళికి ముందు కాబోయే భార్యని, నన్ను చేసుకోవడం నీకు ఇష్టమేనా అని అడిగి, పద్ధతి ప్రకారం మూడుసార్లు ఖాయం చేసుకున్నారట. మూడోసారికి ఆవిడ, "ఇంకొక్కసారి అడిగారంటే కాదంటాను" అందట. "ఆ భయం ఇప్పటికీ పోలేదమ్మా" అనేవారు.

ఈ మాటలు ఆయన చెప్పుకునేది ఇంజనీరమ్మతో. ఆవిడ పెద్ద కంపెనీలో ఎనిమిదేళ్ళు చేసి, మూడు నెలల కిందటే ఇక్కడికి వచ్చింది. కంప్యూటర్ల పనిలో ఆయన తర్వాత ఆవిడే. చురుకైన మనిషి. వేళ్ళు ఆలోచనకంటే ఒక అడుగు ముందుంటాయి. అలాంటి మనిషికి రోజుకి ఇరవైసార్లు "ఖాయమేనా" వినడమంటే పంటికింద రాయి పడ్డట్టే. తప్పించుకోవడానికి ఒక ఉపాయం కూడా కనిపెట్టింది.

"సార్, ఈ ప్రింటర్ మార్చేద్దామా? ఖాయం, ఖాయం, ఖాయం."

"విన్నానమ్మా. కానీ నేనింకా అడగలేదు కదా. ఖాయమేనా?"

ఉపాయం అక్కడితో సరి.

అలాంటి ఇంజనీరమ్మ ఒక మంగళవారం పొద్దున పది గంటలకి వెనక గదిలో కూర్చుంది. సర్వర్లో చోటు నిండిపోయిందని రెండ్రోజులుగా యంత్రం గోల పెడుతోంది. ఎప్పటిదో పాత సాఫ్ట్‌వేర్ ఒకటి పనీపాటా లేకుండా పడి ఉండడం ఆవిడ కంటబడింది. తీసేస్తే సరి. ముందు గదిలోకి వెళ్ళి సార్‌తో ఒక మాట అనొచ్చు. కానీ ఒక మాటంటే మూడు ప్రశ్నలు. ఈ చిన్నదానికి ఎందుకులే అనుకుంది.

ఇలాంటివి తీసేటప్పుడు యంత్రం కూడా ఆయనలాగే అడుగుతుంది. కాకపోతే ఒక్కసారే. దీనితోపాటు ఫలానావి కూడా పోతాయి, సరేనా అని. ఇంజనీరమ్మకి ఆ ఒక్కసారి అడిగించుకోవడం కూడా ఇష్టం ఉండదు. ఆదేశం చివర "అవును" అని ముందే తగిలించి పంపేస్తుంది. ఆవేళా అదే చేసింది.

తెర మీద ఒక లైను కదిలింది. తీసేస్తున్నాను. ఇంకో లైను. తీసేస్తున్నాను. బాగానే ఉంది, ఒకటో రెండో పోతాయిలే అనుకుంటూ ఆవిడ మంచినీళ్ళ సీసా మూత తిప్పింది. రెండు గుక్కలు తాగి చూసేసరికి లైన్లు ఇంకా కదులుతున్నాయి. కదలడం కాదు, జలపాతంలా పడుతున్నాయి. రక్తపు సంచుల మీద లేబుళ్ళు వేసే ప్రోగ్రాం పోయింది. పరీక్షల ఫలితాలు చూపించే ప్రోగ్రాం పోయింది. బయటినుంచి సర్వర్లోకి రావడానికున్న దారి పోయింది. నెట్‌వర్క్ పోయింది. ఆ పనికిమాలిన పాత సాఫ్ట్‌వేర్ మీద సర్వర్లో సగం కాపురం ఆనుకుని ఉందని ఆవిడకి అప్పుడు తెలిసింది.

మీటలన్నీ కలిపి నొక్కి ఎలాగో ఆపింది. ఆగేసరికి నాలుగువందల పన్నెండు ప్యాకేజీలు, అంటే ప్రోగ్రాములూ వాటి విడిభాగాలూ, వెళ్ళిపోయాయి.

ఇంజనీరమ్మ కొయ్యబారిపోయింది. సీసా ఒళ్ళో ఒలికిపోతున్నా తెలియలేదు. చుట్టూ ఫ్రిజ్‌ల నిండా రక్తం ఉన్న ఆ భవనంలో, ఆవిడ ముఖంలో మాత్రం నెత్తురుచుక్క లేదు.

తలుపు తోసుకుని నర్సమ్మ వచ్చింది. ఇరవై ఏళ్ళుగా అక్కడే పనిచేస్తున్న మనిషి.

"ఏమమ్మా, కంప్యూటర్లో ఏమీ రావడం లేదేంటి? ప్రసూతి వార్డు నుంచి ఫోను. పన్నెండింటికి ఆపరేషనట. ఓ నెగెటివ్ రెండు సంచులు కావాలిట."

"ఫ్రిజ్‌లో ఉన్నాయా?"

"నాలుగున్నాయి. ఉంటే ఏం లాభం? సంచి మీద నంబరే కదా ఉండేది. పరీక్షలో ఏది నెగ్గిందో, ఏది తప్పిందో నీ డబ్బాలోనే ఉంది. ఆ ఫలితాలు పొద్దున ఎనిమిదింటికే ఎక్కించారు."

రాత్రి తీసిన నకలు వేరేచోట భద్రంగా ఉంది. కానీ ఎనిమిది గంటల ఫలితాలు అందులో ఉండవు. ఆ సంచుల్ని పరీక్షించిన మనిషి డ్యూటీ దిగి ఇంటికెళ్ళి, ఫోను ఆపి నిద్రపోతున్నాడు. మళ్ళీ పరీక్షలు చేయాలంటే సాయంత్రమవుతుంది.

"ఏమైంది తల్లీ, అలా అయిపోయావు?"

"నేను... సర్వర్ని..."

"ఓస్, దానికేముంది! మా ఇంట్లో టీవీ ఆగితే నేనిదే చేస్తాను" అంటూ నర్సమ్మ గోడ దగ్గరున్న స్విచ్ మీదికి చెయ్యి చాపింది.

"ఆగండి!"

ఆ కేక ఇంజనీరమ్మది కాదు. కేక గుమ్మంలోంచి వచ్చింది. అక్కడ ఖాయమేనా గారు నిలబడి ఉన్నారు. ఆయన అంత గట్టిగా అరవగలరని ఆ భవనంలో ఎవరికీ తెలియదు. నర్సమ్మ చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. ఆయన కూడా తన గొంతు విని కాస్త బెదిరినట్టే కనిపించారు.

ఆయన వచ్చి తెర వైపు చూశారు. నాలుగువందల పన్నెండు అనే అంకె వైపు చూశారు. ఇంజనీరమ్మ తిట్లకి సిద్ధపడింది. ఉద్యోగం పోవడానికీ సిద్ధపడింది.

"ఈ విండో నువ్వు మూయలేదు కదా? ఖాయమేనా?"

"మూయలేదు సార్."

కళ్ళజోడు తీశారు. "యంత్రాన్ని ఆపి మళ్ళీ వేయలేదు కదా? ఖాయమేనా?"

"లేదు సార్."

పక్కకి వంగి, గొంతు తగ్గించి అడిగారు. "నువ్వు బాగానే ఉన్నావు కదా? ఖాయమేనా?"

ఇంజనీరమ్మ దిమ్మెరపోయి ఆయన ముఖంలోకి చూసింది. ఆ ప్రశ్నని ఆవిడ ఊహించలేదు. "బాగా... లేను సార్" అంది.

"సరే. ఒక నిమిషం కూర్చో. తర్వాత పని మొదలెడదాం."

ఆ నిమిషంలో ఆయన సంగతి విడమర్చి చెప్పారు. ఆవిడకి తెలిసిన సంగతే, కానీ ఆ క్షణంలో బుర్రలోంచి ఎగిరిపోయింది. నడుస్తున్న యంత్రం ఇంకా ప్రాణంతోనే ఉంది. ఒక్కసారి ఆపితే మాత్రం ఇక లేవదు, లేవడానికి కావలసినవన్నీ పోయాయి. లోపలికి దారి కూడా ఇప్పుడు ఆ ఒక్క విండోయే. పది నిమిషాలు ఎవరూ ముట్టుకోకపోతే అది దానంతటదే మూసుకుపోతుంది. వీళ్ళిద్దరూ పోయిన ప్యాకేజీలు తేవడానికి పక్కగదిలోని ఇంకో కంప్యూటర్ దగ్గరికి వెళ్ళాలి. అంతసేపూ ఎవరో ఇక్కడ కూర్చుని మీట నొక్కుతూ ఉండాలి.

ఆయన నర్సమ్మ వైపు తిరిగారు. "నిమిషానికోసారి ఈ ఒక్క మీట. ఇంకేదీ ముట్టకూడదు. నొక్కగలరా? ఖాయమేనా?"

"ఇరవై ఏళ్ళుగా మనుషుల నాడి చూస్తున్నాను. ఒక మీట నొక్కలేనా?"

"ఇంకేదీ ముట్టరు కదా? ఖాయమేనా?"

"అయ్యా, మూడోది కూడా అడిగేసి వెళ్ళండి, నిమిషం అయిపోతోంది!"

అడిగేసే వెళ్ళారు. నర్సమ్మ ఎడమచేతి గడియారం కళ్ళ ముందు పెట్టుకుని, కుడిచేతి చూపుడువేలు మీట మీద ఆనించి, ఊపిరి బిగబట్టి కూర్చుంది. నొక్కిన ప్రతిసారీ "ఉంది, ప్రాణం ఉంది" అని పైకి అంటూ ఉంది. ఆ మాట విన్న రిసెప్షనిస్టు, లోపల ఎవరో పోతున్నారనుకుని స్ట్రెచర్ పట్టుకొచ్చింది.

ఏమేమి తీసేసిందో యంత్రం తన డైరీలో వరసగా రాసుకుని ఉంది. ఆ జాబితా చూసి, ముందు నెట్‌వర్క్‌కి కావలసిన ఐదారు ప్యాకేజీలు పక్కగదిలోని కంప్యూటర్లోకి దింపారు. పెన్‌డ్రైవ్‌లో ఎక్కించుకుని పరుగున వచ్చారు. పరుగెత్తింది ఇంజనీరమ్మ. ఖాయమేనా గారు వెనకాల నడుస్తూ, "అన్నీ ఎక్కాయి కదా, ఖాయమేనా?" అని కేకేస్తున్నారు. ఆవిడ మధ్యదారిలో ఆగి చూసుకుంది. ఒకటి ఎక్కలేదు. నోరు మూసుకుని వెనక్కెళ్ళి తెచ్చుకుంది.

పదకొండుంపావుకి నెట్‌వర్క్ లేచింది. మిగతావి ఆ దారిన వాటంతటవే రావడం మొదలుపెట్టాయి. ఇంజనీరమ్మకి ప్రాణం లేచొచ్చింది. పెద్ద డాక్టరమ్మ గుమ్మంలోకి వచ్చి నిలబడింది. ఆ రక్తనిధికి ఆవిడే అధికారి.

"ఎంతసేపు?"

"పావుగంట మేడమ్."

"వార్డు వాళ్ళు రెండోసారి ఫోన్ చేశారు. రుజువు లేకుండా ఒక్క చుక్క కూడా పంపను. అలాగని లేదని చెప్పలేను. తొందరగా కానివ్వండి."

కొన్ని ప్యాకేజీలు దిగేటప్పుడు ఏదో ఒకటి అడుగుతున్నాయి. ఇంజనీరమ్మ వేళ్ళు మళ్ళీ వేగం అందుకున్నాయి. ప్రశ్న రావడం, మీట నొక్కడం. ప్రశ్న రావడం, మీట నొక్కడం. పదకొండున్నరకి ఇంకో ప్రశ్న వచ్చింది. ఆవిడ వేలు మీట మీదికి వెళ్ళింది.

"ఖాయమేనా?" అన్నారు పక్కనుంచి.

"ఖాయం సార్."

"ఖాయమేనా?"

"సార్, పన్నెండింటికి ఆపరేషను!"

ఆయన వంగారు. గొంతు తగ్గించారు. "ఖాయమేనా అమ్మా?"

చిరాకు నసాళానికంటింది. అయినా మళ్ళీ చదివింది. ఫలితాలు దాచే ప్రోగ్రాం అడుగుతోంది. పాత సమాచారం ఇక్కడే ఉంది. తుడిచేసి కొత్తగా మొదలుపెట్టనా, ఉన్నదాన్నే వాడుకోనా? తెరమీది బాణం గుర్తు "తుడిచేయి" అన్నదాని మీదే నిలబడి ఉంది. ఆవిడ నొక్కబోయింది దాన్నే.

ఇంజనీరమ్మ మీట మీదనుంచి వేలు నిప్పు మీదనుంచి తీసినట్టు తీసింది. ఆ చెయ్యి రెండో చేత్తో పట్టుకుంది. పక్కనుంచి నర్సమ్మ అలవాటుకొద్దీ "ఉంది, ప్రాణం ఉంది" అంది.

పదకొండూ నలభైకి తెరమీద ఫలితాలు కనిపించాయి. నాలుగు సంచుల్లో రెండు బాగున్నాయి. ఒకదాని పరీక్ష పూర్తికాలేదు. నాలుగోది ఎవరికీ ఎక్కించకూడనిది. డాక్టరమ్మ ఆ నాలుగో నంబరు రెండుసార్లు చదివి, తనే ఫ్రిజ్ దగ్గరికి వెళ్ళి దాన్ని తీసి పక్కన పెట్టింది. మంచి సంచులు రెండూ పన్నెండుకి పది నిమిషాలుండగా ప్రసూతి వార్డుకి వెళ్ళాయి. ఒంటిగంటకి వార్డునుంచి ఫోను వచ్చింది. తల్లీబిడ్డా క్షేమం. ఆడపిల్ల.

మధ్యాహ్నం ఇంజనీరమ్మ జరిగింది జరిగినట్టు రాయడానికి కూర్చుంది. ఇదివరకు సర్వర్ ఆగినప్పుడు ఎలా రాశారో చూద్దామని మరమ్మతుల రిజిస్టరు తీసింది. ఈ ఆరు నెలల్లోనే పదకొండుసార్లు ఖాయమేనా గారి దస్తూరీలో ఒకటే వాక్యం. "సర్వర్ మొరాయించింది. దాతను మరొక రోజు రమ్మన్నాము."

ఆవిడ కంగుతింది. పొద్దున ఆవిడ యంత్రం డైరీని అక్షరం అక్షరం చూసింది. రెండొందల పద్నాలుగు రోజులుగా ఆ సర్వర్ ఒక్క క్షణం కూడా ఆగలేదు. ఇంత నిదానస్తుడు, ప్రతిదీ మూడుసార్లు ఖాయం చేసుకునే మనిషి, పదకొండుసార్లు పచ్చి అబద్ధం రాశాడా?

రిజిస్టరు పట్టుకుని నర్సమ్మ దగ్గరికి వెళ్ళింది. నర్సమ్మ పగలబడి నవ్వింది.

"నీకింకా తెలీదా? ఆ పదకొండుమందీ మూడోసారి కాదన్నవాళ్ళు."

"ఏం కాదన్నారు?"

"రక్తం ఇవ్వడం. ఎవరో ఒకరు లాక్కొస్తారు కదమ్మా. ఒకణ్ణి మేనేజరు తెస్తాడు. ఒకణ్ణి బావమరిది తెస్తాడు. భయంతో కాళ్ళు వణుకుతుంటాయి, పైకి చెప్పుకోలేరు. మొదటిసారి అడిగితే అందరూ వింటుంటారు, ఖాయమంటారు. రెండోసారీ అంతే. మూడోసారి ఈయన వంగి, వాళ్ళకొక్కళ్ళకే వినపడేలా అడుగుతాడు. అప్పుడు నిజం చెప్తారు. వెంటనే ఈయన తలెత్తి, అయ్యో, సర్వర్ పోయిందండీ అంటాడు. వాళ్ళ పరువూ పోదు, తెచ్చినవాళ్ళ మాటా పోదు. తిట్లు మాత్రం నీ డబ్బాకి."

ఇంజనీరమ్మ రిజిస్టరు మూసింది. తిరిగొచ్చి, తప్పు తనదేనని రాసి, ఆ కాగితం ఆయనకి ఇచ్చింది. ఆయన చదివారు.

"డాక్టరమ్మకి ఇలాగే ఇమ్మంటావా? ఖాయమేనా?"

"ఖాయం సార్."

కళ్ళజోడు తీశారు. "ఖాయమేనా?"

"ఖాయం సార్."

వంగారు. మూడోసారి అడిగారు. కాదంటే ఆయన ఏం చేస్తారో, ఆ రిజిస్టరులో పన్నెండో వాక్యం ఎలా ఉంటుందో ఆవిడకి ఇప్పుడు తెలుసు. "ఖాయమే సార్" అంది. ఆయన తలాడించి సంతకం పెట్టారు.

డాక్టరమ్మ కాగితం చదివి గట్టిగానే మందలించింది. చివర్లో, "రేపటినుంచి ఏం తీసెయ్యాలన్నా ఆ యంత్రం కూడా మూడుసార్లు అడిగేలా చెయ్యండి. మనిషి అడిగితే మీకు విసుగు కదా" అంది. ఇంజనీరమ్మ ఆ సాయంత్రమే అలా మార్చేసింది.

తర్వాతి వారం ఖాయమేనా గారు వెనక గదిలో ఏదో చూసుకుంటుంటే, ముందు బల్ల దగ్గర ఇంజనీరమ్మ కూర్చుంది. ఒక అత్తగారు అల్లుణ్ణి వెంటబెట్టుకుని వచ్చింది. ఆరడుగుల మనిషి, కండలు తిరిగిన చేతులు.

"మా అల్లుడుగారు రక్తం ఇస్తారమ్మా. రాసుకో."

"ఇస్తారా అండీ? ఖాయమేనా?" అంది ఇంజనీరమ్మ. ఆ మాట తన నోట్లోంచే వచ్చిందా అని ఆవిడే ఉలిక్కిపడింది.

"ఆఁ, ఖాయం" అన్నాడు ఆరడుగుల మనిషి.

"ఖాయమేనా?"

"ఖా... ఖాయమే."

ఆవిడ బల్లమీదికి వంగింది. గొంతు తగ్గించి మూడోసారి అడిగింది. అంత పెద్ద మనిషీ చిన్నపిల్లాడిలా పెదవి కదిపాడు. "వద్దండీ. సూదంటే చచ్చేంత భయం."

ఇంజనీరమ్మ తలెత్తి కేక పెట్టింది. "అయ్యో! సర్వర్ పోయింది!"

వెనక గదిలో ఏదో కిందపడిన చప్పుడు. ఖాయమేనా గారు చెప్పు ఒకటి వదిలేసి, గుండె పట్టుకుని పరిగెత్తుకొచ్చారు. "మళ్ళీనా! ఎన్ని పోయాయి? విండో మూసేశావా? ఎవరూ స్విచ్..." అంటూ ఇంజనీరమ్మ ముఖం చూశారు. చెమటలు కక్కుతున్న అల్లుణ్ణి చూశారు. ఊపిరి తీసుకుని, నెమ్మదిగా కళ్ళజోడు సర్దుకున్నారు.

"అవునమ్మా. పోయింది. అసలు లేవదు" అన్నారు. జీవితంలో మొదటిసారి ఒక్క "ఖాయమేనా" కూడా అడగకుండా.

అత్తగారు ఊరుకోలేదు. "మరైతే నా పేరు కాగితం మీద రాసుకోండి, నేనిస్తాను. పొద్దున్నే తయారై వచ్చాం, ఊరికే పోతామా?"

ఇద్దరూ బిత్తరపోయి ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. వేరే దారి లేక, సర్వర్ గుర్రుమని నడుస్తుండగానే కాగితం మీద రాసుకున్నారు. ఆవిడ వయసూ బరువూ చూసి, వేలి చివర చుక్క తీసి పరీక్షించి, నర్సమ్మ సరేనంది. ఆవిడ దర్జాగా పడుకుని చెయ్యి చాచింది. నర్సమ్మ సూది పెట్టింది. పక్కన నిలబడిన అల్లుడు అది చూసి, కళ్ళు తేలేసి, దబ్బున నేలమీద పడ్డాడు.

అత్తగారు మంచం మీంచి తల తిప్పి కిందికి చూసింది.

"మీ సర్వర్ పోవడమే మంచిదైందమ్మా" అంది. "లేకపోతే ఈయన సూదితో సహా పడేవారు."